చలికాలంలో చేప పిల్లకు కుంటే మేలు, కొట్టం కాదు

చేప పిల్లకు ఈత నేర్పాలా అంటారు మన పెద్దలు. ఈత నేర్పే పని లేదు గానీ, చలికాలం దాటించే పని మాత్రం మనదే. దీపావళి వెళ్లి తెల్లవారుజామున వణుకు పుట్టించే గాలి మొదలైందంటే చేపలు పెంచే చిన్న రైతుల దగ్గర ఒకటే మాట. "వేలెడంత పిల్లలున్నాయి. కుంటలో ఉంటే చలికి చస్తాయేమో. కొట్టంలో టార్పాలిన్ తొట్టి పెట్టి అందులోకి మారిస్తే ఎట్లుంటుంది?" ఏ ఊరికి వెళ్లినా ఈ ప్రశ్న ఎదురవుతోంది. తొట్లు అమ్మేవాళ్లు మార్చమంటారు. పక్క పొలం రైతు "ఎందుకొచ్చిన తంటా, అయినకాడికి అమ్మేయ్" అంటాడు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. కాస్త లోతున్న కుంట, దానికి తోడు ఒక బోరు ఉన్న రైతు చేప పిల్లను కొట్టంలోకి మార్చాల్సిన పని లేదు. అయినకాడికి అమ్ముకోవాల్సిన పని అంతకన్నా లేదు. చలికాలమంతా కుంటలోనే నిలబెట్టి, వానలదాకా ఓపిక పడితే అదే పిల్ల నాలుగు డబ్బులిచ్చే సరుకవుతుంది. ఎందుకంటున్నానో, ఎట్లా నిలబెట్టాలో చెబుతాను. చదివి, మీ కుంటను మీరే ఒకసారి చూసుకుని నిర్ణయించుకోండి.

గాలి చలి వేరు, నీటి చలి వేరు

మనం చలిని గాలిలో చూస్తాం. చేప ఉండేది నీళ్లలో. ఈ తేడా మరిచిపోవడంతోనే భయం మొదలవుతుంది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ జిల్లాల ఏజెన్సీ మండలాల్లో కొన్ని డిసెంబరు, జనవరి రాత్రుల్లో గాలి 5, 6 డిగ్రీలకు పడిపోతుంది. ఆంధ్రలో లంబసింగి, చింతపల్లి వైపూ అంతే. మైదానపు జిల్లాల్లో అంత చలి ఉండదు. అయితే గాలి 10 డిగ్రీలున్న తెల్లవారుజామున ఐదడుగుల లోతున్న నీళ్లు 10 డిగ్రీలుండవు. పగలంతా ఎండకు కాగిన నీరు ఆ వేడిని ఒక్క రాత్రిలో వదిలేయదు. చలి పొద్దుల్లో చెరువులో కాలు పెడితే నీరు గోరువెచ్చగా తగలడం మనందరికీ తెలిసిందే.

లోతు ఎంత ఎక్కువుంటే నీరు అంత నిదానంగా చల్లబడుతుంది, అంత నిదానంగా వేడెక్కుతుంది. రెండడుగుల నీరైతే మధ్యాహ్నం కాగిపోయి, తెల్లారేసరికి చల్లారిపోతుంది. పిల్లను దెబ్బతీసేది చలి ఒక్కటే కాదు, ఇట్లా పొద్దున ఒక తీరు, మధ్యాహ్నం ఒక తీరు మారిపోవడం కూడా.

మన బొచ్చె, రవ్వ, మోసు పిల్లలు 25 నుంచి 30 డిగ్రీల నీళ్లలో బాగా తిని బాగా పెరుగుతాయి. 20 కిందికి దిగితే మేత తగ్గిస్తాయి. 15 దగ్గరికొస్తే దాదాపు మానేసి, అడుగున కదలకుండా పడుంటాయి. అప్పుడు పెరుగుదల ఆగుతుంది. కానీ పెరుగుదల ఆగడం వేరు, చావడం వేరు. పొద్దున పిల్ల పైకి కనిపించకపోతే చచ్చిందని బెంగపడకండి. అడుగున వెచ్చటి చోటు చూసుకుని ఉంటుంది. బంగారు తీగ, గడ్డి చేప అయితే వీటికన్నా చలికి ఓర్చుకుంటాయి.

ఒక ధర్మామీటరుకు దారం కట్టి, తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి కుంట అడుగుకు వదిలి చూడండి. నాలుగు రోజులు రాసుకుంటే మీ నీళ్ల సంగతి మీకే తెలుస్తుంది. ఎవరి మాటా నమ్మక్కర్లేదు, నా మాట కూడా.

మంచు దేశాల్లోనూ ఇదే ప్రశ్న

ఇంట్లోనా, ఆరుబయటా అన్న ప్రశ్న మనకే వచ్చింది కాదు. అద్దాల తొట్టిలో మనం చూసే గోల్డ్ ఫిష్ కూడా మన బంగారు తీగ వంశానిదే. వెయ్యేళ్లకు పైగా చైనాలో పెంచి, ఏరి ఏరి రంగు తెప్పించిన చేప. ఇంగ్లండు, అమెరికా వంటి చోట్ల వాటిని పెరటి కుంటల్లో పెంచుతారు. అక్కడ చలికాలంలో కుంట మీద మంచు గడ్డకడుతుంది. అయినా లోతున్న కుంటలో గోల్డ్ ఫిష్ బతుకుతుంది. నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటుంది కాబట్టి ఆ నీరు అడుగున నిలుస్తుంది, గడ్డ పైనే తేలుతుంది. చేప అడుగున మేత లేకుండానే నెలలు గడుపుతుంది. వాళ్లు చేసేదల్లా నీరు 10 డిగ్రీలకు దిగితే మేత ఆపేయడం, చెడుగాలి బయటికి పోవడానికి గడ్డలో ఒక చోట తెరిచి ఉంచడం. ఆలస్యంగా పుట్టిన మరీ చిన్న పిల్లలను, పొట్టి ఒంటి నాజూకు రకాలను మాత్రం లోపలి తొట్లలోకి తీసుకుంటారు.

మంచు గడ్డ కింద గోల్డ్ ఫిష్ బతికిందని మన బొచ్చె పిల్ల కూడా బతుకుతుందని చెప్పడం లేదు. బొచ్చెకు అంత చలి పనికిరాదు. కానీ వాళ్ల అనుభవంలో మనకు పనికొచ్చే మాట ఒకటుంది. చలికాలంలో చేపను కాపాడేది పైకప్పు కాదు, నీటి లోతు. మనకు గడ్డకట్టే బాధే లేదు. అలాంటప్పుడు లోతున్న కుంట వదిలి లోతు లేని తొట్టిలోకి పిల్లను మార్చడం ఏం లెక్క?

మన దగ్గర ఇంటి పెరట్లో సిమెంటు తొట్లు కట్టి గోల్డ్ ఫిష్ పిల్లలు పెంచే అక్కచెల్లెళ్లకూ ఇదే మాట. అది చలికి వెరవని చేప. మైదానంలో దాన్ని ఇంట్లోకి మోయక్కర్లేదు. తొట్టిలో నీళ్లు తక్కువుంటాయి కాబట్టి సాయంత్రం తడక గానీ గోనె గానీ కప్పి, పొద్దెక్కాక తీసేయండి. చాలు.

తొట్టి ఖర్చు, తొట్టి ప్రమాదం

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. పది గుంటల కుంటలో ఐదడుగుల నీళ్లున్నాయంటే, ఒడ్డు వాలు తీసేసినా పది లక్షల లీటర్లకు పైమాటే. నాలుగు మీటర్ల వెడల్పున్న గుండ్రటి టార్పాలిన్ తొట్టిలో మీటరు లోతు నీళ్లు పెడితే పన్నెండు వేల లీటర్లు. అంటే మీ చిన్న కుంట నీళ్లకు ఎనభై తొట్లు కావాలి. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఏడు తొట్ల చిన్న బయోఫ్లాక్ యూనిట్‌కు ఖర్చు 7.5 లక్షల రూపాయలుగా లెక్కగట్టారు. రాయితీ 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం. రాయితీ పోగా రైతు పెట్టాల్సింది మూడు లక్షల నుంచి నాలుగున్నర లక్షలు. రెండెకరాల రైతుకు ఇది చిన్న మాట కాదు.

ఖర్చుకన్నా పెద్దది ప్రమాదం. తొట్టిలో పిల్ల కిక్కిరిసి ఉంటుంది. గాలి యంత్రం రాత్రీ పగలూ ఆడుతూనే ఉండాలి. కరెంటు పోయి, జనరేటరు లేకపోతే గంటల్లోనే తొట్టి మొత్తం పోతుంది. తిన్న మేత, వేసిన రెట్ట ఆ కొద్ది నీళ్లలోనే కుళ్లి అమ్మోనియా పుడుతుంది. కుంటలో అయితే మట్టి, పాచి, ఎండ కలిసి ఆ చెడునంతా చాలావరకు సర్దేస్తాయి. కొట్టం నీడలో ఆ పని చేసేవాళ్లు లేరు, రైతే చెయ్యాలి. బయోఫ్లాక్ మంచిదా చెడ్డదా అన్న వాదనకు నేను పోవడం లేదు. చదువుకుని, శిక్షణ పొంది, పూట పూటకూ నీటి పరీక్ష చేసుకోగలిగిన వాళ్లు దానితో బాగుపడొచ్చు. చలి భయంతో ఆదరాబాదరాగా తొట్టి కొనే రైతుకు మాత్రం అది తగదు.

రెండు సందర్భాల్లో మాత్రం లోపల పెట్టడం సబబే. ఒకటి, అక్టోబరు తర్వాత వచ్చిన, అంగుళం కూడా లేని పిల్ల. ఇది ఒంట్లో కొవ్వు పట్టకముందే చలిలో చిక్కుకుంటుంది. రెండు, ఏజెన్సీ మండలాల్లో మూడడుగుల లోపు నీళ్లు మాత్రమే ఉన్న కుంటలోని పిల్ల. అప్పుడు కూడా కొట్టంలో పలచగా వదిలి, సంక్రాంతి వెళ్లాక ఎండ ముదిరిన రోజున తిరిగి కుంటలో వేసుకోండి.

అసలు నష్టం చలిలో లేదు, క్యాలెండర్లో ఉంది

చలికి పిల్ల చస్తుందని బెంగపడతాం గానీ, చలికాలం మన నుంచి అసలు లాక్కుపోయేది కాలాన్ని. ఒక చిన్న చెరువును తీసుకోండి. ఆగస్టులో నిండి, మార్చి ఆఖరుకు అడుగంటుతుంది. ఎనిమిది నెలలు. ఆగస్టు మొదట్లోనే పిల్ల పడితే నవంబరు దాకా నాలుగు నెలలు పెరుగుతుంది. డిసెంబరు, జనవరిలో ఆగుతుంది. ఫిబ్రవరి, మార్చిలో మళ్లీ అందుకుంటుంది. మొత్తం ఆరు నెలల పెరుగుదల. అదే పిల్ల అక్టోబరు చివర పడితే? నవంబరు ఒక నెల, ఫిబ్రవరి, మార్చి రెండు నెలలు. మూడే. అంటే చెరువులో సగం కాలం వట్టిపోయినట్టే. మార్చిలో వలేస్తే అరచేయంత చేప. అది కొనేవాడి దయ.

తెలంగాణలో 2016 నుంచి ప్రభుత్వం చెరువులకు ఉచితంగా చేప పిల్లలు పంచుతోంది. మంచి పథకమే. వానాకాలంలో మాత్రమే నీళ్లుండే చెరువులకు అంగుళంన్నర పిల్ల, అంటే 35 నుంచి 40 మిల్లీమీటర్లది, ఏడాదంతా నీళ్లుండే పెద్ద చెరువులకు, రిజర్వాయర్లకు మూడు నాలుగు అంగుళాల పిల్ల ఇవ్వాలని పెట్టుకున్నారు. పెద్ద నీళ్లలో చిన్న పిల్లను పెద్ద చేపలు మింగేస్తాయి కాబట్టి అక్కడ పెద్ద పిల్ల వెయ్యడం న్యాయమే. కానీ రెండో వైపు చూడండి. ఎదగడానికి అన్నిటికన్నా తక్కువ కాలం ఉన్న చెరువుకు అన్నిటికన్నా చిన్న పిల్ల పోతోంది. పైగా టెండర్లు, లారీలు, ఎంతో దూరం నుంచి రావడం అన్నీ కలిసి కొన్నేళ్లు పంపిణీ అక్టోబరు దాటిపోయింది. చిన్న పిల్ల, ఆలస్యపు పిల్ల, చలి ముందర పిల్ల. ఈ మూడూ ఒక్క చెరువులోనే కలిస్తే సంఘం సభ్యులకు మిగిలేదేమిటి?

దీనికి మందు కొత్తది కాదు. కొల్లేరు చుట్టుపక్కల చేపల రైతులు ఏనాడో కనిపెట్టారు. చిన్న పిల్లను నేరుగా పెద్ద చెరువులో వేయరు. ఒక చిన్న చెరువులో ఒత్తుగా వేసి, మేత అరకొరగా పెట్టి, నెలల తరబడి ఎదగనీయకుండా నిలబెడతారు. ఏడాది వయసుంటుంది గానీ ఒళ్లు 50, 100 గ్రాములే. కొందరు అంతకన్నా పెద్దది కూడా చేస్తారు. ఆ పిల్లను విశాలమైన చెరువులో వేసి కడుపునిండా మేత పెడితే, పస్తులున్నవాడు పెళ్లి భోజనానికి కూర్చున్నట్టు తింటుంది. పోగొట్టుకున్న పెరుగుదలను గబగబా అందుకుంటుంది. చావు కూడా తక్కువ.

మన చలికాలం ఇదే పనిని ఉచితంగా చేసిపెడుతోంది. పిల్ల ఎదగకుండా చలి ఆపుతోంది. ఆ ఆపడాన్ని నష్టంగా చూడకుండా, ఏడాది పిల్లను తయారుచేసుకునే కాలంగా వాడుకోండి. జూన్, జులైలో చెరువులు నిండగానే వంద గ్రాముల పిల్ల పడిందనుకోండి. చలి వచ్చేలోపే అది అమ్మకానికి అక్కరకొచ్చే చేప అవుతుంది. చెరువు మార్చిలో ఎండిపోయినా మనకు బాధ లేదు.

కుంటను చలికి సిద్ధం చేయడం

ఉపాధి హామీ పనుల్లో తవ్వుకున్న కుంటలు చాలా ఊళ్లలో ఉన్నాయి. వాటిలో సగం పిచ్చి తుమ్మ నీడలో ఖాళీగా ఉన్నాయి. కుంట మధ్యలో కనీసం ఐదడుగులు, ఏజెన్సీ వైపు ఆరడుగుల నీళ్లు నిలవాలి. నీళ్లు ఇంకిపోయే ఎర్ర నేలల్లో బోరు ఆసరా లేకుండా దిగొద్దు.

పిల్లను వేసేముందు కుంటలో కొర్రమట్టలు, జెల్లలు లేకుండా చూసుకోండి. కుంట ఎండబెట్టే వీలుంటే అంతకన్నా మంచిది లేదు. వీలు లేకపోతే ఇప్ప చెక్క వేసి, విషం విరగడానికి మూడు వారాలు ఆగాలి. ఇప్పటికే పిల్ల ఉన్న కుంటలో ఇప్ప చెక్క వేయకండి, పిల్లా పోతుంది.

పది గుంటల కుంటలో గాలి యంత్రం లేని రైతు పది వేల నుంచి పదిహేను వేల పిల్లలకు మించి నిలబెట్టొద్దని నా సలహా. ఇంకా ఒత్తుగా వేసేవాళ్లున్నారు. వాళ్లకు యంత్రాలున్నాయి, రాత్రి కాపలా ఉంది.

ఉత్తరం, తూర్పు గట్ల మీద కంది గానీ, నేపియర్ గడ్డి గానీ ఒత్తుగా ఉంటే చలిగాలికి అడ్డం. దక్షిణం గట్టు మీద మాత్రం చెట్లు వద్దు. చలికాలంలో పొద్దు దక్షిణానికి వాలి ఉంటుంది, ఆ ఎండ నీళ్ల మీద పడాలి. గుర్రపు డెక్క కుంటంతా కమ్మేస్తే ఎండ తగలదు. ఒక మూల వెదురుబద్దల చట్రంలో కొద్దిగా ఉంచి మిగతాది తీసేయండి. అడుగున నాలుగు తాటి మట్టలు వేస్తే పిల్ల వాటి సందున దాగుతుంది.

ఇక మన చేతిలో ఉన్న ఉచిత హీటరు బోరు. భూమి లోపలి నీళ్లు చలికాలంలో కుంట నీళ్లకన్నా వెచ్చగా ఉంటాయి. బాగా చలి పెట్టిన రోజుల్లో తెల్లవారుజామున గంట, రెండు గంటలు బోరు వదలండి. అయితే బోరు నీళ్లలో ప్రాణవాయువు తక్కువ. పైపును నేరుగా నీళ్లలో ముంచకుండా, రాళ్ల మీదో రేకు మీదో పడి చిందేట్టు పెట్టండి. వెచ్చదనమూ వస్తుంది, గాలీ కలుస్తుంది.

మేత దగ్గరే పొరపాట్లు

చలికాలంలో పిల్లను చంపేది చాలాసార్లు చలి కాదు, మిగిలిపోయిన మేత. తినని తవుడు అడుగున కుళ్లి నీటిని పాడుచేస్తుంది. అందుకే తూకం ముఖ్యం. పది వేల పిల్లలు ఒక్కొక్కటి 15 గ్రాములుంటే మొత్తం 150 కిలోలు. నవంబరులో బరువులో నూటికి రెండు వంతులు, అంటే రోజుకు మూడు కిలోల మేత. డిసెంబరు, జనవరిలో ఒక వంతు, అంటే కిలోన్నర. తవుడు, పల్లి చెక్క సమంగా కలిపి, సంచికి చిల్లులు పెట్టి కర్రకు వేలాడదీయండి. మేత పొద్దున్నే పెట్టొద్దు. నీళ్లు వేడెక్కాక పదకొండు, రెండు గంటల మధ్య పెట్టాలి. మర్నాటికి సంచిలో మిగిలితే ఆ రోజు మేత లేదు. మబ్బు పట్టిన రోజు, పొగమంచు విడవని రోజు అసలు పెట్టకండి. ఒక రోజు పస్తుకు చేప చావదు.

పచ్చి పేడ విషయంలోనూ అంతే. చలిలో పేడ త్వరగా కుళ్లదు, అడుగున పేరుకుంటుంది. నీళ్లు పచ్చబడడం లేదని రైతు ఇంకో బండి వేస్తాడు. ఫిబ్రవరిలో ఎండ ముదరగానే ఆ పేడంతా ఒక్కసారి కుళ్లడం మొదలై ప్రాణవాయువును తాగేస్తుంది. చలికాలమంతా బతికిన పిల్ల అప్పుడు చస్తుంది. డిసెంబరు, జనవరిలో పేడ ఆపేయండి.

చల్లటి నీళ్లలో ప్రాణవాయువు ఎక్కువే నిలుస్తుంది. కానీ వరసగా మబ్బులు పడితే పాచి పని చేయదు. ఇలాంటి రోజుల్లో తెల్లారకముందు ఒకసారి కుంట దగ్గరికి పోయి చూడండి. పిల్లలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే వెంటనే బోరు వదలాలి, మేత ఆపాలి.

జబ్బులు, పిట్టలు

చలికాలం జబ్బుల్లో పెద్దది పుండ్ల జబ్బు. మన దేశంలోకి 1988లో ఈశాన్య రాష్ట్రాల వైపు నుంచి వచ్చింది. ఒక రకం బూజు ఒంట్లోకి దిగి ఎర్ర మచ్చలు, తర్వాత లోతైన పుండ్లు వేస్తుంది. ముందుగా కొర్రమట్టలకు, పరికెలకు వస్తుంది. మీ ఊరి వాగులో, కాలువలో ఆ చేపలకు పుండ్లు కనిపించాయంటే మీ కుంటకు హెచ్చరిక అనుకోండి. ఆ నీళ్లు కుంటలోకి రానీయకండి, ఆ వల కుంటలో వేయకండి.

చలి ముదరకముందే సున్నం వేసుకోవాలి. ఎకరాకు 80 కిలోల లెక్కన పది గుంటలకు 20 కిలోలు. రాత్రి నీళ్లలో నానబెట్టి, పూర్తిగా చల్లారాక పొద్దున్నే కుంటంతా చల్లాలి. ఒకేసారి కాకుండా వారం తేడాతో రెండు విడతలుగా వేస్తే మేలు. జబ్బు కనిపిస్తే సీఫాక్స్ అనే మందు ఉంది. భువనేశ్వర్ దగ్గరి కేంద్రీయ మంచినీటి చేపల పరిశోధన సంస్థ తయారుచేసింది. మీటరు లోతున్న ఎకరం నీటికి 400 మిల్లీలీటర్లు నీళ్లలో కలిపి చల్లాలి. దూదిలా బూజు పట్టిన పిల్లలను వేరుచేసి, పది లీటర్ల నీళ్లలో 200 నుంచి 300 గ్రాముల ఉప్పు కలిపి అందులో ఒకటి రెండు నిమిషాలు ముంచి తీయండి. పిల్ల తల్లడిల్లితే వెంటనే తీసేయాలి.

చలిలో ఊరికే వల లాగకండి. పొలుసు ఊడిన చోటే బూజు పడుతుంది. ఎట్లున్నాయో చూడాలంటే ఎండ పూట విసురు వల ఒక్కసారి చాలు. తల పెద్దగా, ఒళ్లు సన్నగా కనిపిస్తే మేత మరీ తగ్గించారని అర్థం.

పాచి తగ్గి నీళ్లు తేటపడడంతో చలికాలంలో పిల్లలు పైకి బాగా కనిపిస్తాయి. నీటి కాకులు, కొంగలు దిగేది అప్పుడే. ఒక నీటి కాకుల గుంపు పొద్దుకు చేసే నష్టం చలి నెలంతా చేయదు. కుంట మీద అడుగున్నర, రెండడుగుల ఎడంతో నైలాన్ దారాలు అడ్డంగా కట్టండి. ఇది అన్నిటికన్నా చవకైన భీమా.

శివరాత్రి తర్వాత

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. అక్కడితో సగం పనే అయింది. బోరు ఉన్న రైతు ఏప్రిల్, మే దాటించి జూన్ దాకా నిలబెట్టుకోవాలి. ఎండాకాలంలో నీళ్లు తగ్గి వేడెక్కుతాయి కాబట్టి నాలుగడుగులకు తగ్గకుండా చూసుకోండి. అంత నీళ్లు లేవనుకునే రైతు ఆశకు పోవద్దు. ఫిబ్రవరి, మార్చిలోనే ఏడాదంతా నీళ్లుండే చెరువు వాళ్లకు అమ్మేయండి. అప్పటికి పిల్ల చలిని దాటింది, ఎండకు పెరగబోతోంది. నవంబరు ధరకూ ఆ ధరకూ తేడా మీకే తెలుస్తుంది. కొనేవాళ్లతో చలికాలంలోనే మాట్లాడుకుని ఉంచుకోండి. పిల్లను పెంచి ఆ తర్వాత గిరాకీ వెతకడం తలకిందుల పని.

ఇక మత్స్య శాఖకు ఒక మాట. రైతు ఇంత చేసినా కొనే చెయ్యి లేకపోతే లాభం లేదు. ఎక్కడినుంచో అంగుళంన్నర పిల్లను లారీల్లో తెచ్చి అక్టోబరులో చెరువులో వేసేకన్నా, మండలానికి పది మంది చిన్న రైతుల కుంటల్లో చలికాలం నిలబెట్టిన పిల్లను జూన్, జులైలో కొని ఆ మండలం చెరువుల్లోనే వేయొచ్చు. కుంటకు సున్నం, మొదటి పిల్ల శాఖ ఇవ్వాలి. కొంటామన్న మాట ముందే రాసివ్వాలి. మత్స్య సహకార సంఘాలు కూడా తమ ఊరి రైతు కుంటలో పిల్ల ఎట్లుందో కళ్లతో చూసి, లెక్కపెట్టి తీసుకోవచ్చు. లారీలో ఎన్ని వచ్చాయి, ఎన్ని చచ్చాయి అన్న తగాదా ఉండదు. ఒక్క మండలంలో ఒక్క ఏడాది చేసి చూస్తే పోయేదేమీ లేదు.

ఈ కార్తీకంలోనే మొదలుపెట్టండి. కుంట లోతు కొలవండి, సున్నం తెచ్చుకోండి, దారాలు కట్టండి, మేత సగం చేయండి. తొట్టి కోసం దాచుకున్న డబ్బు దాచుకున్నట్టే ఉంచండి. సంక్రాంతికి ఒకసారి విసురు వల వేసి పిల్లను తూచి రాసుకోండి. జూన్‌లో మళ్లీ తూచండి. ఆ రెండు అంకెలు చూశాక కుంటా, కొట్టమా అన్నది మీరే పక్క రైతుకు చెబుతారు.